చిన్న డిస్క్‌కి ఇన్ని గట్లు ఎందుకు?

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఇవాళ ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఒళ్లో పాత ల్యాప్‌టాప్‌లు కనబడుతున్నాయి. ఎందుకో అందరికీ తెలుసు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ అయిపోయింది. పోనీ విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలంటుంది, ప్రాసెసర్ పాతదంటుంది. మెషీన్ చూస్తే నిక్షేపంగా పనిచేస్తోంది, అమ్మబోతే ఎవరూ కొనరు. అందుకని విండోస్ బదులు వేసుకోగల లైనక్స్ వైపు చూస్తున్నారు. మంచి పని. అయితే ఈ మెషీన్లలో డిస్క్ చిన్నది. కొన్నింట్లో 128 జీబీ ఎస్ఎస్‌డీ, కొన్నింట్లో పాత హార్డ్ డిస్క్ పీకేసి పెట్టించిన 120 జీబీ. మరీ చిన్న నోట్‌బుక్‌లైతే మదర్‌బోర్డుకే అతికించేసిన 32 జీబీ, 64 జీబీ ఈఎంఎంసీ చిప్. అది మార్చడం కుదరదు, ఉన్నదాంతోనే సర్దుకోవాలి.

నేను చెప్పబోయేది ఒక్కటే, ముందే చెప్పేస్తాను. డిస్క్ ఎంత చిన్నదైతే పార్టిషన్లు, అంటే దాన్ని విడగొట్టే ముక్కలు, అంత తక్కువ పెట్టండి. అరెకరం చేను ఉన్నవాడు దాన్ని పది మళ్లు చేస్తే గట్లకే సగం పోతుంది, పైగా ఒక మడిలో నీళ్లు ఎక్కువై పక్క మడి ఎండుతుంది. డిస్క్ సంగతీ అంతే. పార్టిషన్ అనే గట్టు వేశాక ఇటువైపు ఖాళీ అటువైపు అవసరానికి పనికిరాదు. పదెకరాలున్నవాడికి ఈ బాధ తెలియదు. రెండు టెరాబైట్ల డిస్క్ ఉన్నవాడు ఎన్ని ముక్కలు చేసినా చెల్లుతుంది. మనకి చెల్లదు.

ముందు మన దగ్గర ఎంత ఉందో చూసుకుందాం. పెట్టె మీద 128 జీబీ అని ఉంటుంది. విండోస్‌లో 119 అని చూపిస్తుంది. షాపువాడు తొమ్మిది జీబీ కొట్టేశాడని గొడవపడ్డవాళ్లు నాకు తెలుసు. కొట్టేయలేదండి. తయారీవాళ్లు జీబీకి వంద కోట్ల బైట్లు లెక్కేస్తారు, విండోస్ 1024తో మూడుసార్లు భాగిస్తుంది. అదే లెక్కన 120 జీబీ అంటే సుమారు 111.8, 64 జీబీ అంటే 59.6, 32 జీబీ అంటే 29.8. లైనక్స్‌లో పార్టిషన్లు చేసే టూల్ జీపార్టెడ్ కూడా 1024 లెక్కే వాడుతుంది, 'జీఐబీ' అని రాస్తుంది. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఫైల్ మేనేజర్ మాత్రం వెయ్యి లెక్క వాడుతుంది. ఒకే డిస్క్ ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా కనబడితే కంగారుపడకండి. ప్లాన్ వేసుకునేటప్పుడు చిన్న అంకెనే నమ్ముకోండి. నేను ఇకమీదట చెప్పే అంకెలన్నీ ఆ లెక్కలోవే.

ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్ సంగతి చెబుతాను. డిగ్రీ చదివే అబ్బాయిది. 120 జీబీ ఎస్ఎస్‌డీ. ఎవరో శ్రద్ధగా లైనక్స్ వేసి ఇచ్చారు. సిస్టమ్ ఉండే రూట్‌కి 20, ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్‌కి 8, మిగతా 83 సొంత ఫైళ్లుండే హోమ్‌కి. పాత పుస్తకాల ప్రకారం లక్షణమైన ప్లాన్. కొన్ని నెలలయ్యాక ఒకరోజు లాగిన్ స్క్రీన్ వస్తుంది, పాస్‌వర్డ్ కొడతాడు, తెర ఒక్కసారి నల్లబడి మళ్లీ లాగిన్ స్క్రీనే వస్తుంది. పాస్‌వర్డ్ తప్పు అనదు, లోపలికీ పోనివ్వదు. వైరస్ అనుకున్నాడు పాపం.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల తెర మీద కన్సోల్ వస్తుంది. అక్కడ లాగిన్ అయి, ఏ పార్టిషన్ ఎంత నిండిందో చూపించే 'డీఎఫ్ హైఫన్ హెచ్' కొట్టాం. స్లాష్, అంటే రూట్, వంద శాతం. అందుబాటులో ఉన్నది సున్నా. దాని కింది వరసలో స్లాష్ హోమ్, పదకొండు శాతం. ఒక పక్క డెబ్భై జీబీకి పైగా ఖాళీ, ఇంకో పక్క ఊపిరాడక చస్తున్న సిస్టమ్. అప్‌డేట్ సగంలో ఆగిపోయి ఉంది. 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అని అరుస్తోంది. అదే డివైస్‌లో డెబ్భై జీబీ ఉంది!

(నవ్వులు)

ఆ 20 జీబీని ఏం తిన్నది అంటారా? సినిమాలు కావు, ఫోటోలు కావు. అవన్నీ హోమ్‌లోనే ఉన్నాయి. తిన్నది స్లాష్ వార్, అంటే సిస్టమ్ పనిచేస్తూ పేర్చుకునే ఫైళ్ల ఫోల్డర్. ఈ ఒక్క ఫోల్డర్ గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే పాత ప్లాన్లన్నీ బోల్తా పడేది ఇక్కడే.

పదిహేనేళ్ల కింద రూట్‌కి 20 జీబీ అంటే ధారాళం. అప్పుడు ప్రోగ్రాములన్నీ డిస్ట్రో, అంటే ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకం, ఇచ్చే ప్యాకేజీలుగా వచ్చేవి, ఒకే లైబ్రరీని అందరూ పంచుకునేవారు. ఇప్పుడు యాప్‌ని దానికి కావాల్సిన సరంజామాతో సహా దింపే ఫ్లాట్‌ప్యాక్ వచ్చింది, స్నాప్ వచ్చింది. మీరు సాఫ్ట్‌వేర్ సెంటర్‌లో ఒక చిన్న నోట్స్ యాప్ నొక్కుతారు. దాంతోపాటు దాని రన్‌టైమ్ మొత్తం దిగుతుంది, అది వందల మెగాబైట్లు, ఒక్కోసారి జీబీ దాటుతుంది. ఇంకో యాప్ ఇంకో వెర్షన్ రన్‌టైమ్ అడిగితే అది కూడా వస్తుంది. ఇదంతా చేరేది స్లాష్ వార్ స్లాష్ లిబ్ స్లాష్ ఫ్లాట్‌ప్యాక్‌లోకి. స్నాప్ అయితే అప్‌డేట్ అయ్యాక కూడా పాత వెర్షన్‌ని పారేయదు, ఉబుంటు డెస్క్‌టాప్‌లో మామూలుగా రెండు వెర్షన్లు దాచుకుంటుంది. కొత్తది పాడైతే వెనక్కి వెళ్లడానికి. ఉద్దేశం మంచిదే, కానీ మన దగ్గర చోటేది?

సిస్టమ్‌డీ లాగులు, అంటే సిస్టమ్ ఏం జరిగిందో రాసుకునే చిట్టాలు, కూడా అక్కడే ఉంటాయి, స్లాష్ వార్ స్లాష్ లాగ్ స్లాష్ జర్నల్‌లో. మనం ఏమీ చెప్పకపోతే ఆ ఫైల్ సిస్టమ్‌లో పది శాతం దాకా తీసుకునే హక్కు వాటికుంది, నాలుగు జీబీ దాటకుండా. అంటే 30 జీబీ రూట్‌లో మూడు జీబీ లాగులే కూర్చోవచ్చు. ప్రోగ్రాములు వేసే ఆప్ట్ అనే టూల్ దింపుకున్న ప్యాకేజీ ఫైళ్లు స్లాష్ వార్ స్లాష్ క్యాష్‌లో పేరుకుంటాయి. కంప్యూటర్ సైన్స్ పిల్లలైతే ప్రోగ్రాముల్ని కంటైనర్లలో నడిపే డాకర్ వేస్తారు, అది స్లాష్ వార్ స్లాష్ లిబ్ స్లాష్ డాకర్. ఇక అడగక్కర్లేదు.

ఆ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో 'సుడో ఆప్ట్ క్లీన్' కొట్టాం. 'జర్నల్‌సీటీఎల్', దాని పక్కన రెండు గీతలు పెట్టి 'వాక్యూమ్ హైఫన్ సైజ్ ఈక్వల్స్ 200ఎం' అని కొట్టి లాగుల్ని 200 మెగాబైట్లకి కుదించాం. 'ఫ్లాట్‌ప్యాక్ అన్‌ఇన్‌స్టాల్', దాని పక్కన రెండు గీతలు పెట్టి 'అన్‌యూజ్డ్' అంటే ఎవరికీ అక్కర్లేని రన్‌టైమ్‌లు పోయాయి. మూడు జీబీల పైచిలుకు దొరికింది. సగంలో ఆగిన అప్‌డేట్ పూర్తయింది, డెస్క్‌టాప్ తెరుచుకుంది. కానీ గట్టు అక్కడే ఉంది కదా. రెండు నెలలు ఆగితే మళ్లీ ఇదే కథ.

ఇక్కడ ఇంకో ముక్క చెప్పాలి. డిస్క్ వంద శాతం నిండినా కన్సోల్లో మనం అడ్మిన్ అధికారం ఇచ్చే సుడో కొట్టి పని చేసుకోగలిగాం, ఎలా? లైనక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 తయారయ్యేటప్పుడే ఐదు శాతం చోటు రూట్ యూజర్, అంటే అడ్మిన్, కోసం పక్కన పెట్టేస్తుంది. మామూలు యూజర్‌కి డిస్క్ నిండిపోయినా అడ్మిన్‌కి ఊపిరి ఉంటుంది. అది మంచిదే. కానీ 110 జీబీ పార్టిషన్‌లో ఐదు శాతం అంటే అయిదున్నర జీబీ. అంత అక్కర్లేదు. 'ట్యూన్2ఎఫ్‌ఎస్ హైఫన్ ఎం 1' అని కొట్టి పార్టిషన్ పేరు ఇస్తే ఒక్క శాతానికి తగ్గుతుంది. ఫార్మాట్ చెయ్యక్కర్లేదు, రీబూట్ అక్కర్లేదు. నాలుగు జీబీలకి పైగా ఊరికే దొరికినట్టు. కేవలం ఫైళ్లు దాచుకునే పార్టిషన్ వేరే ఉంటే దాంట్లో సున్నా పెట్టినా ఫర్వాలేదు. రూట్ పార్టిషన్‌లో మాత్రం సున్నా పెట్టకండి.

మరి ఇన్నాళ్లూ అందరూ ముక్కలు చెయ్యమని ఎందుకు చెప్పారు? వాళ్లేం తెలివితక్కువవాళ్లు కాదు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ రాస్తున్నప్పుడు వాళ్ల పీడీపీ-11కి ఉన్న డిస్క్‌లు మెగాబైట్లలో ఉండేవి, టెరాబైట్లలో కాదు. సిస్టమ్ పెరిగి మొదటి డిస్క్ పట్టలేదు. యూజర్ల ఫైళ్లున్న రెండో డిస్క్, అంటే స్లాష్ యూఎస్‌ఆర్‌లోకి, కొన్ని ప్రోగ్రాములు జరిపారు. ఆ సర్దుబాటే దశాబ్దాల తరబడి ఆచారం అయిపోయింది. చాలా ఏళ్ల తర్వాత, 2012లో ఫెడోరా 17 ప్రోగ్రాములుండే స్లాష్ బిన్, స్లాష్ యూఎస్‌ఆర్ స్లాష్ బిన్ ఫోల్డర్లు రెండింటినీ కలిపేసింది, తర్వాత డెబియన్, ఉబుంటు కూడా ఆ దారే పట్టాయి. ఈలోగా సర్వర్లు వచ్చాయి. ఒకే మెషీన్ మీద వందమంది పనిచేస్తుంటే ఒకడు హోమ్ నింపేస్తే మెయిల్ ఆగిపోకూడదు, లాగులు పెరిగి సిస్టమ్ పడిపోకూడదు. అక్కడ గోడలు కట్టడం న్యాయం. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ వాడేది మీరొక్కరే, మహా అయితే మీ చెల్లెలు. సర్వర్ల నియమాలు దానికెందుకు చెప్పండి?

సరే, 128 జీబీ ఎస్ఎస్‌డీ, నాలుగు జీబీ ర్యామ్, లైనక్స్ ఒక్కటే వేస్తాం అనుకోండి. నేనైతే ఇలా చేస్తాను. పార్టిషన్ టేబుల్, అంటే ఏ ముక్క ఎక్కడుందో రాసుకునే పట్టిక, జీపీటీ. పాత ఎంబీఆర్ పట్టికలో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే అన్న ఇబ్బంది ఉంది, అది 1983 నాటి సంగతి. మీ మెషీన్‌లో పాత బయోస్ బదులు యూఈఎఫ్ఐ ఉంటే జీపీటీయే. మొదట్లో బూట్ అవడానికి కావాల్సిన ఈఎఫ్ఐ పార్టిషన్ 512 మెగాబైట్లు, ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో. మిగిలిందంతా ఒకే రూట్, ఈఎక్స్‌టీ4. అయిపోయింది.

(నవ్వులు)

నిజంగానే అయిపోయిందండి. హోమ్ అందులోనే ఒక ఫోల్డర్. స్వాప్ అందులోనే ఒక ఫైల్. ఉబుంటు 17.04 నుంచి మామూలు ఇన్‌స్టాల్‌లో స్వాప్ పార్టిషన్ బదులు స్వాప్ ఫైలే పెడుతోంది. ఫైల్ అయితే ఏంటి లాభం? చాలకపోతే పెంచుకుంటారు, ఎక్కువైతే తగ్గించుకుంటారు. పార్టిషన్‌ని అలా సాగదీయలేం.

స్వాప్ ఎంత పెట్టాలి అన్నది ప్రతిచోటా అడుగుతారు. ర్యామ్‌కి రెట్టింపు అన్న సూత్రం ర్యామ్ మెగాబైట్లలో ఉన్న రోజులది. నాలుగు జీబీ ర్యామ్‌కి నాలుగు జీబీ స్వాప్ ఫైల్ పెట్టండి, చాలు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉంటే రెండు మూడు జీబీలు చాలు. ఒక్క మినహాయింపు హైబర్నేట్. మూత మూసేసి బ్యాటరీ అసలు ఖర్చు కాకుండా మర్నాడు ఉన్నచోటనుంచే మొదలుపెట్టాలంటే ర్యామ్ మొత్తం డిస్క్ మీద రాయాలి, అందుకు ర్యామ్ అంత స్వాప్ కావాలి. ఎనిమిది జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ ఉన్నవాళ్లు హైబర్నేట్ కోసం ఎనిమిది జీబీ కట్టేయడం నాకు నచ్చదు. ఎస్ఎస్‌డీ మీద లైనక్స్ నిమిషంలోపే లేస్తుంది. దానికోసం ఇంత చోటు దండగ.

ఈఎంఎంసీ ఉన్నవాళ్లు డిస్క్ మీద స్వాప్ వీలైనంత తగ్గించుకోండి. ఆ చిప్‌లు నిదానం, పదేపదే రాస్తే అరుగుతాయి. బదులుగా జెడ్‌ర్యామ్ పెట్టుకోండి. అది ర్యామ్‌లోనే కొంత భాగంలో వాడని పేజీల్ని కుదించి దాస్తుంది, డిస్క్ జోలికే వెళ్లదు. ఫెడోరా 33 నుంచి అది డిఫాల్ట్‌గానే వస్తుంది. డెబియన్‌లో 'జెడ్‌ర్యామ్ టూల్స్' అని ప్యాకేజీ ఉంది.

ఒక అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా.

(సభికురాలు: మేడమ్, హోమ్ వేరే పెట్టకపోతే మళ్లీ లైనక్స్ వేసుకోవాల్సి వస్తే ఫైళ్లన్నీ పోతాయి కదా?)

మంచి ప్రశ్న. హోమ్ వేరు పెట్టమనేవాళ్లు చెప్పే కారణం ఇదే, అది నిజమే కూడా. రూట్‌ని ఫార్మాట్ చేసి హోమ్‌ని ముట్టుకోకుండా కొత్తగా వేసుకోవచ్చు. కానీ నేను చూసిందేమిటంటే, హోమ్ వేరేగా ఉందన్న ధీమాతో బ్యాకప్ తీయడం మానేస్తారు. ఎస్ఎస్‌డీ పోతే రెండు పార్టిషన్లూ ఒకేసారి పోతాయి, ఒకదానికొకటి తోడు రావు. పైగా అర్ధరాత్రి ఇన్‌స్టాలర్‌లో ఏ పార్టిషన్ పక్కన 'ఫార్మాట్' టిక్ పెట్టారో చూసుకోకపోతే హోమ్ కూడా పోతుంది. కాబట్టి ఎలాగూ బయట డ్రైవ్‌లో బ్యాకప్ కావాలి. అది ఉన్నప్పుడు హోమ్ ఎక్కడున్నా ఒకటే. 128 జీబీలో రెండు నెలలకొకసారి డిస్ట్రో మార్చే సరదా ఉన్నవాళ్లు హోమ్ వేరే పెట్టుకోండి, వాళ్లకి పనికొస్తుంది. అప్పుడు రూట్‌కి 40 కంటే తగ్గించకండి. మామూలు డెస్క్‌టాప్ వేసిన వెంటనే పది జీబీ అటూఇటూగా పోతుంది, మిగతాది పెరగడానికి.

గోడ లేకుండానే ఆ సౌకర్యం కావాలంటే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఉంది. ఇదొక ఫైల్ సిస్టమ్. ఇందులో సబ్‌వాల్యూమ్‌లు ఉంటాయి. రూట్ ఒక సబ్‌వాల్యూమ్, హోమ్ ఇంకోటి. రెండూ వేరువేరుగా కనిపిస్తాయి, కానీ ఖాళీ చోటు ఉమ్మడి. ఫెడోరా వర్క్‌స్టేషన్ 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా ఇలాగే వేస్తుంది. తిరిగి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ సబ్‌వాల్యూమ్ తీసేసి హోమ్ ఉంచుకోవచ్చు. దీనికన్నా నాకు నచ్చేది కంప్రెషన్. మౌంట్ ఆప్షన్లలో, అంటే పార్టిషన్‌ని తగిలించేటప్పటి సెట్టింగుల్లో, 'కంప్రెస్ ఈక్వల్స్ జెడ్‌ఎస్‌టీడీ, కోలన్, 1' అని పెడితే రాసే ప్రతి ఫైలూ కుదించి రాస్తుంది. వీడియోలు, జేపెగ్ ఫోటోలు ముందే కుదించినవి కాబట్టి వాటికి లాభం ఉండదు. కానీ ప్రోగ్రాములు, లైబ్రరీలు, సోర్స్ కోడ్ బాగా తగ్గుతాయి. 32 జీబీ ఈఎంఎంసీ ఉన్నవాళ్లకి ఇది వరమే. రాసేది తగ్గుతుంది కాబట్టి చిప్‌కీ మంచిదే.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కి ఒక పేచీ ఉంది, దాచను. అది పూర్తిగా నిండితే ఈఎక్స్‌టీ4 కంటే మొండిగా ఉంటుంది. పాత డేటా మీద రాయదు, మార్చినది కొత్తచోట రాస్తుంది. అందుకని ఒక్కోసారి ఫైల్ తీసేయడానికి కూడా కొంచెం చోటు కావాలి. స్నాప్‌షాట్లు, అంటే ఒక సమయానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా పట్టి ఉంచే నకళ్లు, పెట్టుకుంటే ఇంకో తమాషా. మీరు ఐదు జీబీల ఫైల్ తీసేస్తారు, ఖాళీ పెరగదు, ఎందుకంటే నిన్నటి స్నాప్‌షాట్ దాన్ని పట్టుకుని కూర్చుంది. 'డీఎఫ్' అంకెలు నమ్మకుండా 'బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్' అని కొట్టి చూడండి, పదో వంతు చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. ఇవన్నీ పట్టించుకునే ఓపిక లేనివాళ్లకి ఈఎక్స్‌టీ4 హాయి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అని ఇంకోటి ఉంది, అది మాత్రం చిన్న డిస్క్ మీద వద్దు. మంచి ఫైల్ సిస్టమే, కానీ పెంచగలమే గాని తగ్గించలేం.

లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఉండే స్లాష్ బూట్ వేరే పెట్టాలా? డిస్క్ మొత్తం పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేస్తే మామూలుగా కావాలి. ల్యాప్‌టాప్ బస్సులో, రైల్లో తిరిగే వస్తువు, ఎన్‌క్రిప్షన్ పెట్టుకోమనే నేను చెబుతాను. అప్పుడు బూట్‌కి ఒక జీబీ ఇవ్వండి. పాత గైడ్లలో 200 మెగాబైట్లు అని ఉంటుంది. కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ కొత్త కెర్నల్, బూట్ అవడానికి దానికి తోడుండే ఇనిట్‌ర్యామ్ ఎఫ్‌ఎస్ ఫైల్ వచ్చి పడతాయి, పాతది వెంటనే పోదు. చిన్న బూట్ మూడో కెర్నల్‌కే నిండిపోయి అప్‌డేట్లు ఆగిపోతాయి. 'ఆప్ట్ ఆటోరిమూవ్' కొడితే పాత కెర్నళ్లు పోతాయి, అది అలవాటు చేసుకోండి. ఎన్‌క్రిప్షన్ లేకపోతే బూట్ వేరే అక్కర్లేదు.

విండోస్ ఉంచుకుని పక్కన లైనక్స్ వేసుకుంటామనేవాళ్లు ఎంతమంది? అబ్బో, చాలామందే. 128 జీబీలో రెండూ వద్దు. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అడిగే కనీస చోటే 64 జీబీ. అది పోగా మిగిలేది యాభై చిల్లర, రెండు పక్కలా ఇరుకే. 256 జీబీ ఉంటే, అంటే 238, అప్పుడు ఆలోచించొచ్చు. విండోస్‌కి 120 ఇచ్చి మిగతాది లైనక్స్‌కి.

అక్కడ పని చేసే వరస ముఖ్యం. ముందు విండోస్‌లో డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' పేరుతో మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. రికవరీ కీ 48 అంకెలు, దాన్ని కాగితం మీద రాసుకోండి లేదా ఫోన్లో ఫోటో తీసుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో సేవ్ చేసుకుంటే ఏం లాభం! తర్వాత విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగ్ తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ నిజంగా నిద్రపోదు, సగం కన్ను తెరిచే ఉంటుంది. అప్పుడు లైనక్స్ నుంచి ఆ పార్టిషన్‌లో రాయడం ప్రమాదం. సీ డ్రైవ్‌ని విండోస్ సొంత డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే కుదించండి. ఇంత ఖాళీ ఉన్నా కొంచెమే కుదిస్తానంటుంది ఒక్కోసారి, కదలని ఫైళ్లు మధ్యలో ఉంటాయి. హైబర్నేషన్, పేజ్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ కాసేపు ఆపి మళ్లీ ప్రయత్నిస్తే చాలాసార్లు ఒప్పుకుంటుంది.

ఈఎఫ్ఐ పార్టిషన్ ఇద్దరికీ ఒకటే చాలు. దాన్ని ఫార్మాట్ చెయ్యకండి. మళ్లీ చెబుతున్నా, ఫార్మాట్ చెయ్యకండి, విండోస్ బూట్ అయ్యేది అందులోంచే. విండోస్ చాలాసార్లు దాన్ని 100 మెగాబైట్లే పెడుతుంది. ఉబుంటు, మింట్ లాంటివి గ్రబ్ అనే బూట్‌లోడర్ వాడతాయి కాబట్టి అందులో కొన్ని మెగాబైట్లే తీసుకుంటాయి, సరిపోతుంది. పాప్ ఓఎస్ లాంటివి సిస్టమ్‌డీ-బూట్ అనే ఇంకో బూట్‌లోడర్ వాడతాయి, కెర్నల్‌ని కూడా అందులోనే పెడతాయి, వాటికి వంద చాలదు.

అన్నట్టు, ఇద్దరికీ పనికొచ్చే ఉమ్మడి డేటా పార్టిషన్ ఒకటి పెడతామంటారు. చిన్న డిస్క్ మీద నేను వద్దంటాను, మూడో గట్టు అవుతుంది. లైనక్స్ కెర్నల్ 5.15 నుంచి విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవడం, రాయడం దానికే వచ్చు. విండోస్ పార్టిషన్‌లో ఒక ఫోల్డర్ పెట్టుకుని అదే వాడుకోండి.

ఇంకెవరైనా?

(సభికుడు: మేడమ్, నాది ఇప్పటికే మీరు చెప్పిన ఆ అబ్బాయి లాగే ఉంది. రూట్ 25, హోమ్ 80. మళ్లీ మొత్తం వేసుకోవాలా?)

అక్కర్లేదు బాబూ. ముందు గట్టు జరపకుండా కుదురుతుందేమో చూద్దాం. ఫ్లాట్‌ప్యాక్‌కి రెండు గీతలు పెట్టి 'యూజర్' అని చేర్చి యాప్‌లు వేసుకుంటే అవి స్లాష్ వార్‌లో కాకుండా నీ హోమ్‌లోకి వెళతాయి. ఉన్నవి తీసేసి అలా మళ్లీ వేసుకుంటే రూట్ మీద చాలా బరువు తగ్గుతుంది. డాకర్ ఉంటే దాని కాన్ఫిగ్ ఫైల్‌లో 'డేటా రూట్' అన్న లైన్‌లో హోమ్‌లో ఒక ఫోల్డర్ చూపించు. చాలామందికి ఈ రెండింటితోనే పని అయిపోతుంది.

అయినా చాలకపోతే జీపార్టెడ్ లైవ్ పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేసి హోమ్‌ని కుదించాలి. ఈఎక్స్‌టీ4ని మౌంట్ అయి, అంటే వాడుకలో, ఉండగా పెంచొచ్చు గాని కుదించలేం, అందుకే బయటినుంచి బూట్ చెయ్యాలి. రూట్ ముందు, హోమ్ వెనక ఉంటే హోమ్ ఎడమ అంచుని జరపాలి. కుడి అంచు జరపడం తేలిక. ఎడమ అంచు జరపడం అంటే లోపలున్న డేటా అంతా చదివి కొత్తచోట మళ్లీ రాయడమే, గంటలు పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోయి, బ్యాటరీ కూడా చచ్చిందనుకో, హోమ్ గోవిందా. బ్యాకప్ తీసి, చార్జర్ పెట్టి, పొద్దున్నే మొదలుపెట్టు. ఇంకా సులువు ఏంటో తెలుసా? హోమ్‌ని ఎలాగూ బయట డ్రైవ్‌లోకి కాపీ చేస్తావు కదా, ఆ తర్వాత ఆ పార్టిషన్‌ని తీసేసి, రూట్‌ని చివరిదాకా పెంచి, హోమ్‌ని రూట్‌లోకే తిరిగి కాపీ చేసుకో. బూట్‌లో ఏ పార్టిషన్లు తగిలించాలో రాసుండే 'ఎఫ్‌స్టాబ్' ఫైల్‌లో హోమ్ లైన్ తీసేయడం మర్చిపోకు, లేకపోతే లేని పార్టిషన్ కోసం వెతుక్కుంటూ బూట్ ఆగిపోతుంది. ఆ బయటి డ్రైవ్ కూడా ఈఎక్స్‌టీ4 అయి ఉండాలి. ఎఫ్ఏటీ32 పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఫైళ్ల పర్మిషన్లు నిలవవు, నాలుగు జీబీ దాటిన ఫైల్ అసలు ఎక్కదు.

(సభికురాలు: టైమ్‌షిఫ్ట్ పెట్టుకుంటే సరిపోదా అండీ?)

టైమ్‌షిఫ్ట్ మింట్‌లో వస్తుంది, మంచి టూల్. అప్‌డేట్ చెడగొడితే సిస్టమ్‌ని వెనక్కి తీసుకెళుతుంది. రెండు విషయాలు గుర్తుంచుకోండి. అది మామూలుగా మీ హోమ్‌ని పట్టించుకోదు, కాబట్టి పెళ్లి ఫోటోలు దాంట్లో భద్రం అనుకోవద్దు. ఈఎక్స్‌టీ4 మీద ఫైళ్లని కాపీ చేసే ఆర్‌సింక్ పద్ధతిలో మొదటి స్నాప్‌షాట్ అంటే సిస్టమ్ మొత్తానికి ఇంకో కాపీ. సిస్టమ్ పన్నెండు జీబీ ఉంటే అదీ పన్నెండు జీబీ. తర్వాతివి మారిన ఫైళ్ల మేరకే పెరుగుతాయి. చిన్న డిస్క్ ఉన్నవాళ్లు స్నాప్‌షాట్లని బయటి డ్రైవ్‌కి మళ్లించండి, లేదా ఒకటో రెండో మాత్రమే ఉంచేలా సెట్ చేసుకోండి.

పెళ్లి ఫోటోలంటే గుర్తొచ్చింది. చిన్న ఎస్ఎస్‌డీలో పెళ్లి వీడియోలు, ఫోన్ బ్యాకప్‌లు, సినిమాలు పెట్టకండి. ఎస్ఎస్‌డీ పెట్టించినప్పుడు తీసేసిన పాత హార్డ్ డిస్క్ మీ ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది. దానికి ఒక యూఎస్‌బీ కేసు కొంటే బోలెడు చోటు. అది పాతది కాబట్టి దాని మీద ఒకే ఒక్క కాపీ పెట్టుకుని నిశ్చింతగా ఉండకండి, అంతే.

ఇంకో ప్రశ్న తీసుకుంటాను. ఆ మూలన, చెప్పండి.

(సభికుడు: డీఎఫ్‌లో ఇరవై జీబీ ఖాళీ చూపిస్తోంది, అయినా స్పేస్ లేదంటోంది మేడమ్.)

మీరు వెబ్ డెవలపర్ కదూ? (నవ్వులు) అయితే 'డీఎఫ్ హైఫన్ ఐ' కొట్టండి. ఈఎక్స్‌టీ4లో ప్రతి ఫైల్‌కీ ఒక ఐనోడ్, అంటే ఆ ఫైల్ వివరాలు రాసుకునే గడి, కావాలి. ఆ ఐనోడ్లు ఫార్మాట్ చేసినప్పుడే లెక్కపెట్టి పెడుతుంది, మామూలుగా ప్రతి 16 కేబీకి ఒకటి. తర్వాత పెంచలేం. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లలో వేలకి వేలు చిట్టిపొట్టి ఫైళ్లుంటాయి. చిన్న పార్టిషన్‌లో అలాంటి ప్రాజెక్టులు బోలెడుంటే చోటు మిగిలే ఐనోడ్లు అయిపోతాయి. పాత ప్రాజెక్టుల్లో ఆ ఫోల్డర్ తీసేయండి, కావాలంటే ఒక్క కమాండ్‌తో మళ్లీ వస్తాయి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ఈ లెక్క ముందే కట్టేయడం ఉండదు, ఇది దానికున్న ఇంకో సుఖం.

ఇక ల్యాప్‌టాప్‌లు తెచ్చినవాళ్లు కుడివైపు బల్లల దగ్గరికి రండి. పెన్ డ్రైవ్‌లు మా దగ్గర ఉన్నాయి. విండోస్ ఉన్నవాళ్లు ముందు ఆ 48 అంకెల కీ చూపించాలి. బ్యాకప్ లేనివాళ్లవి ఇవాళ ముట్టుకోం, వచ్చే ఆదివారం డ్రైవ్ పట్టుకుని రండి.